కాపలా కాయితం

నర్సన్న చెవులు పోతున్నాయని మొదట కనిపెట్టింది నర్సన్న కాదు, డాక్టరూ కాదు. ఆయన నేసిన గుడ్డ. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. ఒక్క మనిషి ఎనిమిది సాంచెల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగినా కంటికన్నా ముందు చెవితో పట్టుకోవాలి. పోగు తెగిన సాంచె చప్పుడులో చిన్న తేడా వస్తుంది. ముప్పై ఏళ్లు అదే చప్పుడు తిని తిని నర్సన్న చెవులు మొండికేశాయి. తేడా వినపడటం మానేసింది. బెత్తెడేసి గీతలు పడ్డ గుడ్డ తానులకు తానులు బయటికొచ్చింది.

"ముసలోనివైనవ్ నర్సన్నా, ఇగ ఇంట్ల కూసో" అన్నాడు నూలిచ్చి గుడ్డ తీసుకునే సేటు.

యాభై నాలుగేళ్లకు ముసలితనమేమిటి? కూతురు నవనీతకు ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండటం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం. జగిత్యాలలో కంప్యూటర్ల డిగ్రీ చదివినప్పుడు హాస్టల్ అన్నంలో పురుగులొస్తే, ఆ కంచం తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి "మీరు తినుండ్రి సార్" అన్న పిల్ల ఆమె. చదువయ్యాక హైదరాబాదులో రెండేళ్లు ఉద్యోగం చేసింది, తర్వాత పెళ్లయింది. భర్త జితేందర్‌కు సొంతంగా నాలుగు సాంచెలుండేవి. ఆర్డర్లు లేక ఊరంతా ఆరిపోయిన ఏడు, ఆ నాలుగింటినీ పాత ఇనుము కింద తూచి ఇచ్చేసి అతను మస్కట్ పోయాడు. లారీలోకి ఎక్కిస్తుంటే చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నవనీత ఏడాది బిడ్డను చంకనేసుకుని తండ్రి ఇంటికి చేరింది. అప్పటినుంచీ జితేందర్ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి ఒక్కటే అడిగేవాడు. "అక్కడ ఏమన్న పని దొరుకుతదా? వచ్చేస్త."

సేటు మాట విన్న రోజే నవనీత కంప్యూటర్ ముందు కూర్చుంది. నాలుగు నెలలు కూర్చుంది. ఫోనులో పనిచేసే ఒక ప్రోగ్రాం రాసి, దానికి 'చెవి' అని పేరు పెట్టింది. ఫోను జబ్బకు కట్టుకుని సాంచెల మధ్య తిరిగితే చాలు. చప్పుడులో తేడా రాగానే జుమ్మని వణుకుతుంది. నర్సన్న ఇంట్లోని తన ఎనిమిది సాంచెలూ మళ్లీ నడిపాడు. గుడ్డ మీద గీతలు పోయాయి. సేటు నోరు మూసుకున్నాడు.

అక్కడితో ఆగితే అది ఒక ఇంటి సంగతిగా మిగిలిపోయేది. కానీ ఆ వాడకు ఒక రివాజుంది. సాంచె పనిలో ఎవరికి ఏ కిటుకు దొరికినా మర్నాడు జలపతి హోటల్లో చాయ్ తాగుతూ పదిమందికీ విప్పి చెప్పాలి. దాచుకున్నవాడి సాంచె ఆగిపోతే ఎవడూ వచ్చి చెయ్యి వేయడు. నవనీత కూడా అదే చేసింది. ప్రోగ్రామును ఊరికే ఇవ్వడమే కాదు, దాని లోపలి రాత మొత్తాన్ని ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, దిద్దినదాన్ని మళ్లీ అందరికీ ఇవ్వాలి. ఊళ్లో పని లేక మహారాష్ట్రలోని భివండి వెళ్లిన సిరిసిల్లవాళ్లు అక్కడి షెడ్లలో పెట్టుకున్నారు. ఎక్కడెక్కడివాళ్లో ముఖం తెలియని జనం తప్పులు దిద్ది పంపారు. ఏడాది తిరిగేసరికి చెవులు మందగించిన వందల మంది జబ్బల మీద 'చెవి' ఉంది. అది లేకపోతే వాళ్లకు సాంచె లేదు. సాంచె లేకపోతే భివండి బస్సో, గల్ఫ్ విమానమో, వాచ్‌మన్ కర్రో.

సరిగ్గా అప్పుడు నోటీసులు వచ్చాయి. యంత్రాలమ్మే ఒక పెద్ద కంపెనీ, సాంచె చప్పుడును యంత్రంతో విని పోగు తెగింది పట్టుకునే పద్ధతి మీద తమకు పేటెంటు ఉందని రాసింది. పేటెంటంటే కొత్తగా కనిపెట్టిన పనికి ఇరవై ఏళ్లు తానొక్కడే హక్కుదారునని సర్కారు దగ్గర రాయించుకునే కాయితం. 'చెవి' వాడటం నెలలో ఆపాలి, లేదా సాంచెకొకటి చొప్పున తమ పెట్టె కొనాలి, లేదా కోర్టుకు రావాలి. ఈ నోటీసు నవనీతకు రాలేదు, చూడండి వాళ్ల తెలివి. సాంచెల సొంతదారులకు, అంటే ఆసాములకు వచ్చింది. భయపడేవాళ్లను చూసే పంపారు.

భయపడ్డారు. పక్కింటి మొండయ్య పనిచేసే షెడ్డు ఆసామి ఆ సాయంత్రమే పనివాళ్ల ఫోన్లు విప్పించేశాడు. నర్సన్న ఈడువాడే మొండయ్య. పది రోజుల్లో గుడ్డ చెడిపోయి పని పోయింది. సంచి భుజాన వేసుకుని, భివండిలో ఏదో షెడ్డుకు కాపలా ఉండటానికి వెళ్తూ నవనీత గుమ్మం ముందు ఆగాడు.

"నీ తప్పేం లేదు బిడ్డా" అన్నాడు.

ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. నవనీత మర్నాడు పొద్దున్నే వేములవాడలో బస్సు మారి కోరుట్ల వెళ్లింది.

కోరుట్లలో జేబా ఉంది. జగిత్యాల హాస్టల్లో నవనీతతో ఒకే గదిలో ఉండి, ఆ పురుగుల కంచం రోజున వెనకాల నిలబడ్డ ఒకే ఒక్క మనిషి. పేటెంటు కాయితాలు రాసే పరీక్ష పాసై, హైదరాబాదు ఆఫీసులో నాలుగేళ్లు చేసి, ఇప్పుడు తండ్రి ఎహసాన్ దర్జీ దుకాణం మీది గదిలో సొంతంగా పని చేసుకుంటోంది. కింద కుట్టుమిషన్లు టకటకలాడుతుంటే, నవనీత ఒక ఆసామిని అడిగి తెచ్చిన నోటీసును రెండుసార్లు చదివింది.

"నువ్వు 'చెవి' బయటపెట్టకముందే వీళ్లు దరఖాస్తు పెట్టిండ్రు. కొట్లాడొచ్చు, గెలవొచ్చు గూడ. కానీ గెలిచేసరికి మీ బాపు ఈడోళ్లు ఒక్కరు సాంచెల మీద ఉండరు."

"మరేం జెయ్యాలె?"

"వాళ్ల చేతుల కట్టె ఉన్నది, నీ చేతుల లేదు. నువ్వో కట్టె తెచ్చుకోవాలె. పేటెంటు నువ్వు గూడ తీస్కో."

నవనీతకు చుర్రుమంది. "గా దొంగ కాయితం నేను తీస్కుంటనా? వాళ్లకూ నాకూ తేడా ఏమున్నది మరి?"

"వాళ్లు కాయితం పట్టుకొని అందర్నీ బయటికి నూకుతున్నరు. నువ్వు అదే కాయితం పట్టుకొని అందర్నీ లోపటికి పిలువు. 'చెవి' వాడేటోళ్లకు ఊరికే అని రాయి. వాళ్ల మీదికి ఎవడన్న నోటీసుతోని వస్తే, వానికి మాత్రం బంద్ అని రాయి. రేపు కంపెనీకి నీ పద్ధతి కావాలంటే నీ దగ్గరికే రావాలె." జేబా చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "కానీ ఒక్కటి. ఇప్పటిదాంక బయటపెట్టిన దాని మీద రాదు. లోకానికి తెల్వంది ఏమన్న ఉన్నదా నీ దగ్గర?"

ఉంది. మూడు రోజుల కిందటే పుట్టింది, అదీ నర్సన్న బుర్రలో. 'చెవి'కి ఒక లోపం ఉండేది. ఏదో ఒక సాంచెలో పోగు తెగిందని చెప్పేది గానీ ఎనిమిదింటిలో ఏదో చెప్పలేకపోయేది. అన్నీ ఒకే గొంతుతో అరిస్తే ఫోను మాత్రం ఏం చేస్తుంది? నర్సన్న పాత బెల్టు కోసి ఎనిమిది రకాల మందంలో తోలుముక్కలు చేశాడు. పేక పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తి తగిలేచోట సాంచెకొకటి బిగించాడు. దాంతో ఒక్కో సాంచెకు ఒక్కో గొంతు వచ్చింది. నవనీత ప్రోగ్రాము ఆ గొంతులను గుర్తుపట్టి నంబరు చెప్పడం నేర్చుకుంది.

వింటూ వింటూ జేబా లేచి నిలబడింది. "గిది ఎవలకన్న చెప్పిండ్రా?"

"ఇంకా లేదు. రోజుకో మందం మార్చి చూస్తున్నడు బాపు. ఇయ్యాల్టితోని కుదురుతదన్నడు."

"కుదిరితే?"

నవనీత బ్యాగులో ఫోను వెతికింది. కుదిరితే ఇంకేముంది, జలపతి హోటల్. బాపు ఎన్నడైనా ఒక్క పూట కిటుకు దాచాడా? పదిమంది ముందు చెప్పాడంటే అది లోకానికి తెలిసినట్టే. ఇక ఎవరికీ పేటెంటు రాదు.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. చెవుడున్న మనిషికి ఫోను మోగితే వినపడదు, జబ్బ మీద వణికితే పోగు తెగిందనుకుని సాంచెల వైపు పరుగెత్తుతాడు. నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ పాపం ఆ మనిషి తెగని పోగు కోసం వెతికి ఉంటాడు. దొరికిన బస్సెక్కింది. వేములవాడ దగ్గర మొక్కుబళ్ల జనం రోడ్డంతా నిండి బస్సు కదలకపోతే, దిగి ఆటో మాట్లాడుకుంది. సిరిసిల్లలో దిగేసరికి నాలుగున్నర. చాయ్ వేళ.

జలపతి హోటల్లో నర్సన్న పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. చుట్టూ పదిహేను మంది. బల్ల మీద తోలుముక్కలు వరసగా పేర్చి, మొదటిది చేతిలోకి తీసుకుని "గిది చూసిండ్రా, దీన్ని ఏడ పెట్టాల్నంటే" అంటున్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. రహస్యం దాచమని చెవుడున్న మనిషికి చెవిలో చెప్పడం ఎట్లా?

"బాపూ! చెప్పకు!" అని అరిచింది నవనీత. హోటలంతా తిరిగి చూసింది. నర్సన్న ఒక్కడే చూడలేదు. ఆమె వెళ్లి తోలుముక్కలన్నిటినీ దోసిట్లోకి తోసి బ్యాగులో పోసేసుకుంది. నర్సన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైంది బిడ్డా?"

"చెప్పొద్దు! ఎవలకు చెప్పొద్దు! దీని మీద పేటెంటు తీస్తున్న!" ఆయనకు వినపడేంత గట్టిగా అరవాలంటే వీధి చివరికి కూడా వినపడుతుంది. వినపడింది.

జలపతి వచ్చి నర్సన్న ముందున్న సగం తాగిన గ్లాసు తీసుకెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లలో ఆ హోటల్లో ఆయనకు జరిగిన మొదటి అవమానం అది, చేసింది కన్నకూతురు.

జేబా ఇరవై రెండు రోజులు అడిగింది. బొమ్మలు గీయాలి, ఏ మందానికి ఏ గొంతో కొలిచి రాయాలి, సగం సగం రాసిస్తే సగమే కాపాడుతుందని చెప్పింది. ఆ ఇరవై రెండు రోజులూ సాంచెల చప్పుడు తప్ప వీధిలో ఒక్క గొంతు కూడా నర్సన్న ఇంటిని పలకరించలేదు. మూడో సాంచె ఇరుసు విరిగితే ఒక్కడూ రాలేదు. నీళ్ల దగ్గర ఆ వీధి సత్యవ్వ పక్కామెతో నవనీతకు వినపడేలాగే అంది.

"కంపెనీకి అమ్ముతరట. మొగుణ్ని తెచ్చుకుంటందుకు."

నవనీత బిందె కింద పెట్టింది. "అమ్మితే నీకే ముందుగాల చెప్త సత్తెక్కా, పదిమందికి నువ్వే చెప్దువు" అని మళ్లీ బిందె ఎత్తుకుని వచ్చింది. ఇంట్లోకి వచ్చాక మాత్రం తలుపు వెనకాల నిలబడి ఏడ్చింది. కోపమొచ్చినప్పుడు ఏడుపు రావడం ఆమెకు అన్నిటికన్నా అసహ్యం.

నర్సన్న తిట్టలేదు, అన్నం మానలేదు. ఒక్కటే అన్నాడు. "చెవులు పోయినా బతికిన బిడ్డా. నోరు కట్టేస్తివి."

ఇరవై మూడో రోజు దరఖాస్తు నంబరు వచ్చింది. తండ్రీకూతుళ్లిద్దరి పేర్ల మీద. నవనీత బ్యాగులోని తోలుముక్కలు తీసి తండ్రి చేతిలో పోసింది. ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా హోటలుకు నడిచాడు. ఎవరూ పిలవని బల్ల దగ్గర కూర్చుని, వినేవాళ్లున్నారా లేదా అని చూడకుండా మొదటి ముక్క నుంచి ఎనిమిదో ముక్క దాకా ఏది ఎక్కడ, ఎంత మందం, ఎట్లా బిగించాలో మొత్తం చెప్పాడు. సగం చెప్పేసరికి చుట్టూ జనం చేరారు.

"మరి గీ కాయితమెందుకు? నువ్వు గూడ కంపెనీ తీర్గనే అయితివి గదా" అన్నాడు జలపతి, నవనీతను చూసి.

"కాపలాకు. గీ పద్ధతి ఎవడన్న వాడుకోవచ్చు, ఊరికే. కానీ 'చెవి' పెట్టుకున్నోని మీదికి నోటీసు పంపినోడు మాత్రం వాడొద్దు. వాడితే నేను కోర్టుల నిలబెడ్త. గంతే రాసిన."

జలపతికి ఎంతవరకు అర్థమైందో తెలియదు. చాయ్ మాత్రం రెండు గ్లాసులు తెచ్చి పెట్టాడు.

దరఖాస్తుదారుల్లో ఆడమనిషి ఉంటే పరీక్ష తొందరగా చేయమని అడగొచ్చునట. జేబా అడిగింది. అయినా ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర సిరిసిల్ల ఎట్లా బతికిందంటే, మొండిగా బతికింది. నోటీసులకు జేబా రాసిన జవాబులు పంపారు. బెదిరిన ఆసాములు బెదిరారు, మిగిలినవాళ్ల దగ్గర జనం ఫోన్లను చొక్కా చేతుల కింద కట్టుకుని పని చేశారు. కంపెనీ మనిషి ఊళ్లోకి వస్తే వీధి మొదట్లోనే జలపతి హోటల్ నుంచి ఫోన్లు వెళ్లేవి. పేటెంటు చేతికొచ్చిన రోజు నర్సన్న ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి "నా పేరు ఇంగ్లీషుల గిట్లుంటదా?" అని మురిసిపోయాడు.

తర్వాత రెండు నెలలకు భివండి నుంచి మొండయ్య ఫోటో పంపాడు. ఆయన కాపలా ఉండే షెడ్డులో కంపెనీవాళ్లు కొత్త పెట్టె బిగించారు. ఎనిమిది సాంచెలకూ ఒక్కటే పెట్టె, ఏ సాంచెలో పోగు తెగిందో నంబరు వేసి చూపిస్తుంది. మొండయ్య మూడు దశాబ్దాలు సాంచెలు నడిపిన మనిషి. పెట్టెను వదిలేసి, నాడె తగిలేచోటికి వంగి చూశాడు. ఎనిమిది రబ్బరు ముక్కలు, ఎనిమిది మందాలు. ఫోటో కింద ఏమీ రాయలేదు, ఆయనకు రాయడం రాదు. నవనీత చూసి కుర్చీలో నుంచి లేచి బిడ్డ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది.

ఈసారి నోటీసు కోరుట్ల నుంచి బయల్దేరింది. తోలైనా రబ్బరైనా పద్ధతి మాదేనని జేబా రాసింది.

పది రోజుల్లో కంపెనీ మేనేజరు కారు నర్సన్న గుమ్మం ముందు ఆగింది. పేరు కరుణాకర్. మంచి మాటకారి. నర్సన్న చేతులు పట్టుకుని "మీలాంటి పెద్దలు దేశానికి గర్వకారణం" అన్నాడు. నర్సన్నకు వినపడలేదు గనక గర్వపడలేదు. తర్వాత నవనీత వైపు తిరిగి పేటెంటు కొంటామన్నాడు. ఒక సంఖ్య చెప్పాడు. ఆ వీధిలో ఎవరూ పలికి ఎరగని సంఖ్య.

"అమ్మను సార్."

"పోనీ మేడమ్, మీ ఆయన మస్కట్‌లో ఉన్నారని విన్నాను. సాంచెల పని తెలిసిన మనిషి. హైదరాబాదులో మా సర్వీసు సెంటరుంది. వచ్చే నెల నుంచి ఉద్యోగం, రాసిస్తాను. టికెట్ కూడా మాదే."

ఇది అబద్ధం కాదని, అతను నిజంగానే ఇస్తాడని నవనీతకు తెలుసు. ఏడేళ్లలో మూడుసార్లు చూసింది జితేందర్‌ను. బిడ్డ ఫోనుకు ముద్దు పెట్టడం నేర్చుకుంది గానీ తండ్రి మెడను వాటేసుకోవడం నేర్చుకోలేదు. ఆ క్షణంలో ఆమెకు సంతకం చేయాలనిపించింది. నిజంగా అనిపించింది. కలం కూడా కరుణాకర్ చేతిలోనే ఉంది. లోపల గదిలో ఎనిమిది సాంచెలూ నడుస్తున్నాయి. నర్సన్న జబ్బ జుమ్మనగానే, కరుణాకర్ చేతిలో పెట్టిన కాయితం ఏమిటో కూడా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

"సార్, నేను అడిగేది వినుండ్రి. మీరు పంపిన నోటీసులన్నీ వాపసు తీస్కోవాలె. మీ పేటెంటుతోని 'చెవి' వాడేటోళ్ల జోలికి ఎన్నడూ రామని రాసియ్యాలె. గట్ల రాస్తే మా పద్ధతి మీరు గూడ ఊరికే వాడుకోండ్రి, పైస వద్దు. రాయకుంటే దేశంల బిగించిన పెట్టెలన్నీ విప్పుకోని పోండ్రి."

"ఊరికేనా?" కరుణాకర్ ఆమె ముఖంలోకి చూశాడు. "మీకేం లాభం దీనివల్ల?"

"మీకు సమజ్ కాదు. చాయ్ తాగుండ్రి."

అతను తాగకుండానే వెళ్లాడు. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ మూడు వారాలూ నవనీతకు నిద్ర సరిగ్గా పట్టలేదు. తర్వాత జేబా దగ్గరికి సంతకాలతో కాయితాలు వచ్చాయి, నోటీసులు వాపసు, అడిగిన మాట అడిగినట్టు. ఆ సాయంత్రం జలపతి హోటల్లో చాయ్‌కి ఎవరినీ పైసలు అడగలేదు. సత్యవ్వ వచ్చి నవనీత చేతులు పట్టుకుని "తప్పయింది పిల్లా" అంది. భివండిలో కూడా ఫోన్లు చొక్కా చేతుల మీదికి వచ్చాయి. మొండయ్య తిరిగొచ్చి నర్సన్న పక్క షెడ్డులోనే ఆరు సాంచెలు పట్టాడు.

శుక్రవారం జితేందర్ ఫోన్ చేశాడు. గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్ల గ్రూపులో ఆ కబురు వీధి కన్నా ముందే తిరిగింది, ఉద్యోగం సంగతితో సహా.

"నిన్న ఈడనే ఇంకో రెండేండ్ల పనికి సంతకం పెట్టిన" అన్నాడు. "అమ్మనని చెప్పేముందు నన్నొక్క మాట అడుగకపోతివి నవనీతా?"

"అడుగుదామనే ఫోన్ చేతులకు తీస్కున్న."

"మరెందుకు అడుగలే?"

"అడిగితే ఏమనేటోనివి?"

అటువైపు ఎవరో నీళ్ల వంతు కోసం పిలుస్తున్నారు. జితేందర్‌కు అబద్ధమాడటం రాదు. అది నవనీతకు తెలుసు.

"అమ్మమనేటోన్ని" అన్నాడు.

"గందుకే అడుగలే."

బిడ్డను పిలిచి ఫోను చేతికిచ్చింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.